ఫొటోలో లేని చెయ్యి

మా అన్న ఇంట్లో వాకిలి దాటి లోపలికి పోగానే ఎదురుగోడకు మా వదిన ఫొటో కనపడుతుంది. ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ తలపైకి ఎత్తి జోడించి, నవ్వుతూ ఉంటుంది. మందుల వల్ల ఊడిపోయిన జుట్టు మళ్లీ అప్పుడప్పుడే మొలుస్తున్న రోజులవి. చిన్నపిల్లవాడి క్రాపులా పొట్టిగా, నల్లగా ఉంటుంది తల. ఆమె ఫొటోలన్నిట్లో అదే బాగుందని మా అన్న దాన్నే పెద్దది చేయించాడు. స్టూడియో అతను వెనకున్న షామియానాను తీసేసి నీలం ఆకాశం, తెల్లటి మబ్బులు పెట్టాడు. షామియానాతో పాటు ఆమె నడుము వెనక ఉన్న నా చెయ్యి కూడా పోయింది. ఇప్పుడు చూసేవాళ్లకు ఆమె ఎవరి సాయమూ లేకుండా మబ్బుల్లో నిలబడినట్టు ఉంటుంది.

ఆ చెయ్యి అక్కడ ఎందుకుందో మా అన్నకు మొన్నటిదాకా తెలియదు.

మా వదిన పోయాక జనంలో రెండు మాటలు పుట్టాయి. యోగా చేయించి చేయించి నడుము విరగ్గొట్టారని ఒక మాట. యోగా ఆపెయ్యడం వల్లే రోగం తిరగబెట్టిందని ఇంకో మాట. రెండూ నిజం కాదు. రెండూ నా ముందే అన్నారు. ఒకదానికి తల దించుకున్నాను, రెండోదానికి తల ఊపాను. జరిగింది జరిగినట్టు రాయడానికి ఇప్పుడు కూర్చున్నాను.

మాది వెలిగండ్ల వైపు పల్లె. అన్న ఊళ్లోనే ఉండి గొర్రెలూ చేనూ చూసుకున్నాడు. నేను మీసాలు సరిగ్గా రాకముందే మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో చేరాను. రాతి పలకల మీద రాసుకునే పిల్లలు తగ్గిపోయి మా ఫ్యాక్టరీ సగం మూతపడ్డాక, నా నడుం నొప్పి కోసం నేర్చుకున్న యోగా నాకు పనికొచ్చింది. ఒక చిన్న కోర్సు చేసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, ఖాళీగా పడి ఉన్న షెడ్డులో పొద్దునపూట క్లాసు పెట్టాను. పక్క షెడ్డులో రాయి కోసే మిషన్లు ఇంకా నడిచేవి. వాటి దుమ్ము గాలిలో తేలి వచ్చి మా గచ్చు మీద బూడిదరంగు పొరలా పరుచుకునేది. క్లాసుకు ముందు చాపలు వేసే చోటు మాత్రం ఊడ్చేవాడిని. గుమ్మం నుంచి చాపల దాకా ఉన్న దుమ్ములో వచ్చేవాళ్ల అడుగులు అచ్చుపడేవి. అందరూ పోయాక వాటిని ఊడ్చేవాడిని. ఈ దుమ్ము సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నీళ్ల నొప్పివాళ్లు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పుట్టినప్పటి నుంచి అవే తాగిన ఒళ్లు మావి. పళ్లు గార పడతాయి, నడివయసుకు వచ్చేసరికి మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుంటాయి. మా అన్నను వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేడు. కాళ్లతో సహా మనిషంతా తిరుగుతాడు. మా అమ్మ చివరి ఏళ్లు మంచం మీదే గడిపింది. మా ఊళ్లో ఎవరికి ఎక్కడ నొప్పి పుట్టినా "నీళ్ల నొప్పిలే" అంటారు. దానికి డాక్టరు దగ్గరికి పోరు. దాన్ని జబ్బని కూడా అనుకోరు, మాది ఫలానా ఊరు అని చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. మెల్లగా సాగదీసి, వంచితే ఆ బిగుతు కాస్త వదులుతుంది. వదిలినప్పుడు వాళ్లు నన్ను డాక్టరును చూసినట్టు చూసేవాళ్లు. నేను వద్దనలేదు.

మా వదినది కొమరోలు దగ్గర పల్లె. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చేసరికి నాకు నిక్కర్లు కుట్టించే వయసు. బడికి పంపించింది ఆమె, నన్ను మార్కాపురం బస్సెక్కించిందీ ఆమే. రొమ్ములో గడ్డ ఉందని ఆమె చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక గుంటూరు తీసుకుపోయాం. ఆపరేషన్ చేశారు. తర్వాత మందు ఎక్కించడానికి మళ్లీ మళ్లీ పోవాలన్నారు. పల్లె నుంచి అన్నిసార్లు కష్టమని, రైలు దగ్గరగా ఉంటుందని, మార్కాపురంలో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. అన్న గొర్రెల్ని వదిలి రాలేక వారానికోసారి వచ్చిపోయేవాడు.

ఆ ఆస్పత్రిలో రోగులకు యోగా నేర్పే ఒకామె ఉంది. నేను నేర్పేవాడినని వదిన చెప్పేసరికి నన్ను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడింది.

"మంచిదన్నా. ఇంట్లో రోజూ చేయించండి. నిద్ర పడుతుంది, నీరసం తగ్గుతుంది, భయం తగ్గుతుంది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి బాగా లేస్తుంది. కానీ ఇది మందు కాదు. మందు పక్కన తోడుగా ఉండేది, అంతే."

"తెలుసమ్మా" అన్నాను.

"నడుము గట్టిగా వంచేవి, మెలితిప్పేవి వద్దు. కొత్తగా ఎక్కడన్నా ఎముకలో నొప్పి వస్తే ఆసనాలు ఆపేసి వెంటనే మాకు చెప్పాలి. పండగనీ పెళ్లనీ ఆగొద్దు."

ఆమె మాటలు ఇంత స్పష్టంగా గుర్తున్నాయంటే, ఆరోజు నేను సరిగ్గానే విన్నాననే కదా.

మొదట్లో అంతా బాగా జరిగింది. ఇది కూడా రాయాలి, లేకపోతే యోగాకు అన్యాయం చేసినవాడినవుతాను. మందు ఎక్కించుకుని వచ్చిన రోజుల్లో వదిన గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చునేది. అన్నం వాసన పడేది కాదు. అప్పుడు ఆసనాలేమీ చేయించకుండా ఊపిరి మీద మాత్రం మనసు పెట్టించేవాడిని. మెల్లగా పీల్చడం, అంతకంటే మెల్లగా వదలడం. కొన్నాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టింది. జాకెట్టు తొడుక్కోవడానికి లేవని చెయ్యి తల దువ్వుకునేదాకా లేచింది. దువ్వుకోవడానికి తల మీద వెంట్రుకలు లేవని ఆమే నవ్వింది.

బలం వచ్చాక షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. ఆమె వచ్చాక మా క్లాసులో నవ్వులు పెరిగాయి.

"ఏందబ్బయ్యా, గొర్రెకు మందు తాపేటప్పుడు పట్టినట్టు పట్టుకుంటాండావు నన్ను?"

"కదలకుండా ఉండు వదినా, ఊపిరి తీస్కో."

"తీస్కోకుంటే ఇంతసేపు మాట్లాడతానా?"

ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం చూపిస్తే ఆశ్చర్యపోయింది. "ఇదేనా? మంద కాడ కర్ర ఆనుకోని దినమంతా నిలబడేది ఇట్లనే గదా. దీనికి సర్టిఫికెట్ కూడా ఇస్తారా?" అంది. అందరికంటే ఎక్కువసేపు నిలబడింది కూడా. చివర్లో వెల్లకిలా పడుకుని ఒళ్లు వదిలేసే శవాసనం దగ్గర మాత్రం గొడవ పెట్టుకునేది. "ఆ పేరు మార్చరాదా? ఆస్పత్రి నుంచి వచ్చినదాన్ని పండబెట్టి శవం శవం అంటావు." ఆమె కోసం నేను దాన్ని విశ్రాంతి అని పిలవడం మొదలుపెట్టాను.

ఒకరోజు షెడ్డు నుంచి ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను, ట్రీట్మెంటు అయిపోయాక ఏం చేస్తావని.

"ఏముంది? ఊళ్లో బస్సు దిగి నా కాళ్ల మీద నేను నడిచి ఇంటికి పోవాల. మంద ఎనకాల ఒకసారి కొండకింద దాకా పోయి రావాల. మీ అమ్మను నేను ఎన్నేండ్లు ఎత్తినానో నీకు తెలుసు. ఎత్తి కూసోబెట్టడం, ఎత్తి పండబెట్టడం. పాపం, ఎత్తిన ప్రతిసారీ కండ్లు మూసుకునేది. నన్ను ఎవురూ ఎత్తగూడదబ్బయ్యా. అదొక్కటే నాకు కావాల్సింది."

"నేనున్నాగా" అన్నాను.

మందు ఎక్కించడం అయిపోయింది. రిపోర్టులు బాగున్నాయన్నారు. మాత్రలు రాసిచ్చి, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోమన్నారు. ఆమె ఊరికి పోతానంటే నేనే ఆపాను. యోగా దినం దగ్గరపడింది. కాలేజీ గ్రౌండులో పెద్ద కార్యక్రమం పెడుతున్నారని, మీ క్లాసు తరఫున ఏదన్నా ప్రత్యేకంగా చూపించండని నన్ను అడిగారు. నాకు మా వదిన తప్ప ఇంకేం ప్రత్యేకం ఉంది? ఫ్లెక్సీ షాపుకు పోయి ఆమె ఫొటో ఇచ్చి, దాని కింద ఏం రాయాలో నేనే చెప్పాను: యోగాతో క్యాన్సర్‌ను జయించిన మహిళ. ఆపరేషన్ మాట లేదు. మందుల మాట లేదు. షాపు అతను ఇంకా అక్షరాలు పట్టవన్నాడు. పట్టి ఉన్నా నేను రాయించేవాడిని కాదేమో.

సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ చూసి వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్ను ఎమ్మెల్యేను చేసినావే. ఓట్లు ఎవురేస్తారు?"

ఫ్లెక్సీ కట్టిన తర్వాతే ఆ మాట చెప్పింది. క్లాసు అయిపోయి అందరూ పోయారు. పక్క షెడ్డులో మిషను అప్పుడే మొదలైంది. ఆమె చాప మీద నుంచి లేవలేదు.

"అబ్బయ్యా, నడుం మధ్యలో ఒకచోట నొప్పి పుడతాంది."

"ఎప్పట్నుంచి?"

"శానా దినాలైతాంది. చెప్తే ఆసనాలు వద్దంటావేమోనని చెప్పలా."

"నీళ్ల నొప్పే వదినా. మన ఊరోళ్లలో నడుం నొప్పి లేనోళ్లు ఎవురు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "కాదు. నీళ్ల నొప్పి నాకు తెల్దా? పెండ్లి అయినప్పటి నుంచి మోస్తాండా దాన్ని. అది పొద్దున పట్టుకుంటాది, నాలుగడుగులేస్తే వదులుతాది. ఇది అట్ల కాదు. తిరిగేటప్పుడు ఊరకుంటాది. నేను పండుకుంటే ఇది లేస్తాది. లోపల కూసోని ఎవురో తొలిచినట్టుంటాది."

మిషను రాయిని పట్టుకున్నప్పుడు వచ్చే చప్పుడు ఒకటుంది, సన్నగా మొదలై పళ్లు జివ్వుమనేదాకా పెరుగుతుంది. అది ఆగాక నోరు తెరిచాను.

"యోగా దినం కానీ వదినా. మర్నాడే గుంటూరు పోదాం. ఈలోపల భుజంగాసనం కొంచెం పెంచుదాం. బిగుతు వదులుతాది."

"అంతేనంటావా?"

"అంతే."

"నువ్వు చెప్తే సరే" అని చెయ్యి చాపింది, లేపమని. అంతకుముందు ఎప్పుడూ లేపమని చెయ్యి చాపలేదు.

నాకు అనుమానం రాలేదని రాస్తే ఇదంతా రాయడమే దండగ. వచ్చింది. ఆస్పత్రిలో యోగా నేర్పే ఆమె చెప్పిన మాట వచ్చి నా ముందు నిలబడింది. కానీ సెంటర్లో ఫ్లెక్సీ ఉంది. ఏ మనిషికి వెన్ను వంచొద్దన్నారో ఆ మనిషికే నేను వెన్ను వంచే ఆసనం పెంచాను. బోర్లా పడుకుని ఛాతీ లేపేటప్పుడు ఆమె ముఖం నాకు కనపడకూడదని కాబోలు, ఆమె వెనక వైపు నిలబడేవాడిని.

తర్వాత రెండు మూడు రోజులకు, క్లాసు అయ్యాక ఊడవబోతూ గుమ్మం దగ్గర ఆగాను. దుమ్ములో అందరి అడుగులూ విడివిడిగా ఉన్నాయి. ఒకరి అడుగుల మధ్య మాత్రం గీత ఉంది. ఎడమకాలి వేలు నేలను రాసుకుంటూ వచ్చిన గీత. గుమ్మం నుంచి చాప దాకా, పలక మీద బలపంతో గీసినట్టు. ఆ చివర ఎవరి చాప ఉందో చూడక్కర్లేదు. మిగతా అంతా వదిలేసి ముందు ఆ గీతను ఊడ్చాను. మర్నాడు మళ్లీ ఉంది. మొదటిరోజుది మధ్యమధ్యలో తెగి ఉంది. ఇది ఎక్కడా తెగలేదు.

ఇంట్లో మా ఆవిడ కూడా ఏదో గమనించింది. "అక్క కాలి చెప్పు మాటిమాటికి జారిపోతాంది. జారిన సంగతి కూడా ఆమెకు తెలవడం లా. చెప్పు ఈడనే ఉండాది, ఆమె వంటింట్లో ఉండాది. చూసినావా?"

"చెప్పు వదులైంది. కొత్తవి కొందాం."

ఆ సాయంత్రమే బజారుకు పోయి, మడమ వెనక పట్టీ ఉండే చెప్పులు కొన్నాను, జారిపోకుండా. వదిన వాటిని తొడుక్కుని మురిసిపోయింది. "సినిమాదాని మాదిరి ఉండాయి. వీటితోనే ఊళ్లో బస్సు దిగుతా" అంది. పట్టీ పెట్టింది నేనే, కింద కూర్చుని. ఎడమకాలు పట్టుకుంటే చల్లగా ఉంది. నా చెయ్యి తగిలిన సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు. ఎక్కడో చూస్తూ మాట్లాడుతోంది.

యోగా దినం నాడు మా అన్న తెల్లవారుజాము బస్సుకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మైకులో మా వదిన గురించి చెబుతుంటే చప్పట్లు మొదలుపెట్టింది ఆయనే. స్టేజీ మెట్లు ఆమెను నేను చెయ్యి పట్టుకుని ఎక్కించాను. పెద్దావిడకు మర్యాద చేస్తున్నాననుకున్నారు అందరూ.

ఒంటికాలి మీద నిలబడే ముందు నా వైపు ఒరిగి మెల్లగా అంది. "పట్టుకో అబ్బయ్యా. వదలొద్దు."

నడుము వెనక చెయ్యి పెట్టాను. జాకెట్టు తడిసి ఉంది. వెన్ను వణుకుతోంది, పట్టుకున్న గొర్రెపిల్ల ఒళ్లు వణికినట్టు. కుడికాలి మీద బరువంతా వేసి ఎడమకాలు ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. మర్యాదగా వంగినట్టు వంగి, నా రెండో చేత్తో ఆ పాదాన్ని తీసి కుడి మోకాలి పక్కన పెట్టాను. ఆమె చేతులు పైకెత్తింది. పళ్లు గట్టిగా కరుచుకుని ఉన్నాయి.

"నవ్వు వదినా, ఫొటో తీస్తాండారు" అన్నాను.

నవ్వింది. అదే ఆ ఫొటో.

మర్నాడు గుంటూరు పోదామన్న మాట నిలబెట్టుకున్నాను, కానీ రైల్లో కాదు. తెల్లారి మా ఆవిడ కేక విని పోయేసరికి వదిన మంచం మీద మోచేతుల మీద లేచి, దుప్పటి తీసి తన కాళ్ల వైపు చూసుకుంటోంది.

"కాళ్లు యాడ పెట్టినానబ్బయ్యా?" అని నన్ను అడిగింది.

కారు మాట్లాడి తీసుకుపోయాం. దారి పొడుగునా, ఆ రాత్రి మా ఇంట్లోనే ఆగిన అన్న ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు. వేడి పుడితే వస్తాయనుకున్నట్టు. గుంటూరులో స్కాను తీశారు. డాక్టరు వచ్చి అడిగాడు, నడుము నొప్పి ఎన్నాళ్ల నుంచి ఉందని. స్ట్రెచర్ పక్కన ఒకవైపు అన్న ఉన్నాడు, ఇంకోవైపు నేను.

ఆమె నోరు తెరవకముందే నేను చెప్పాను. "మొన్నటి నుంచే సార్. మా వైపు నీళ్ల నొప్పి అనుకున్నాం."

అన్న తల ఊపాడు. వదిన పైకప్పు వైపు చూస్తున్నదల్లా చూపు దించి నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఈ పాటికి మరిచిపోయేవాడినేమో. జాలిగా చూసింది.

"అవును. నీళ్ల నొప్పే అనుకున్నాం" అంది డాక్టరుతో.

తర్వాత నన్ను పక్కకు పిలిచి డాక్టరు చెప్పాడు. రోగం వెన్నెముకలోకి వచ్చింది, అక్కడ పెరిగి నరాలను నొక్కేసింది. "ఇది యోగా వల్ల వచ్చింది కాదు, అట్లా అనుకోకండి. అది మళ్లీ రావడం ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ వెన్నులో నొప్పి మొదలవగానే, కాలు బరువెక్కగానే వచ్చి ఉంటే రేడియేషన్ కరెంటు పెట్టి కాళ్లను కాపాడే అవకాశం ఉండేది. పూర్తిగా పడిపోయాక కష్టం." కరెంటు పెట్టారు. ఇంజెక్షన్లు ఇచ్చారు. నొప్పి తగ్గింది, కాళ్లు రాలేదు.

ఎంత బతికేదో నాకు తెలియదు, ఆయనా చెప్పలేదు. ఆమె అడిగింది బతుకు కాదు. కాళ్లు అడిగింది. వాటిని కాపాడుకునే రోజులు కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్ని ఒక ఫొటో కోసం ఊడ్చేసినవాడిని నేను.

ఊరికి వ్యానులో తీసుకొచ్చాం. ఊరు రాబోతుంటే, ఆ పట్టీ చెప్పులు తొడగమంది. "ఊళ్లోకి ఉత్త కాళ్లతో పోను" అంది. తొడిగాను. అడుగున మట్టి కూడా అంటని చెప్పులు. ఇంటి ముందు అన్న, నేను, ఇంకో ఇద్దరు దుప్పటి నాలుగు మూలలు పట్టుకుని ఎత్తాం. ఆమె కళ్లు మూసుకుంది.

వారం వారం పోయేవాడిని. ఆసనాలు లేవు. ఊపిరి ఒక్కటే. అది మాత్రం చివరిదాకా ఆమెకు పనికొచ్చింది. నొప్పి లేచినప్పుడు, మాత్ర పని చేసేలోపల, నేను పక్కన కూర్చుని మెల్లగా చెబుతుంటే ఆమె పీల్చి వదిలేది. ముఖంలో ముడతలు కాస్త విడిపోయేవి. తోడు అన్న మాటకు అర్థం నాకు అక్కడ తెలిసింది. ఒకసారి అన్న మందను తోలుకుపోయాక అడిగాను.

"ఆస్పత్రిలో ఆ మాట ఎందుకన్నావు వదినా?"

"ఏ మాట?"

"నీళ్ల నొప్పని."

ఒక ఊపిరి పూర్తిగా వదిలింది. "నేను పోతా. మీ అన్నకు మిగిలేది నువ్వొక్కడివి. నీతో కూడా మాట్లాడకుంటే ఆయన ఎవురితో మాట్లాడాల?" అంది. మళ్లీ తనే, "నా ఫ్లెక్సీ ఇంకా సెంటర్లో ఉండాదంట. ఓట్లు బాగా పడినట్టుండాయి" అని నవ్వబోయి దగ్గింది.

ఆమె పోయిన రోజు కొమరోలు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు వాకిట్లో నిలబడి అరిచాడు. "వంచి వంచి నా అక్క నడుం ఇరగ్గొట్టినాడు ఈయప్ప!" పెద్దవాళ్లు అతణ్ని పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. అతనన్నది తప్పే. కానీ అతనికి ఇవ్వాల్సిన జవాబు నా దగ్గర ఉంది, నేను ఇవ్వలేదు. మార్కాపురంలో క్లాసు వాళ్లు ఇంకోలా అన్నారు. "ఊరికి పోయి ఆపేసింది గదా సార్. ఈడనే ఉండుంటే బతికేది." దానికే నేను తల ఊపింది. వాన వచ్చి ఫ్లెక్సీ చిరిగిపోయేదాకా దాన్ని విప్పలేదు కూడా. దాన్ని చూసి కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు.

అట్లా వచ్చినవాళ్లలోనే మొన్న ఒకామె వచ్చింది, గిద్దలూరు నుంచి, వాళ్ల నాయనను వెంటబెట్టుకుని. తలకు స్కార్ఫు కట్టుకుని ఉంది. ఎప్పుడో సెల్లులో తీసుకున్న ఫ్లెక్సీ ఫొటో నాకు చూపించింది.

"ఈ అమ్మ ఇప్పుడు ఎట్ల ఉండాదన్నా? బాగుండాదా?"

ఆ దుమ్ము గచ్చు మీద నిలబడి, లేదమ్మా, పోయింది అన్నాను. ఎట్లా పోయిందో కూడా చెప్పాను. ఫ్లెక్సీ మీద రాసింది అబద్ధమని చెప్పాను. మందు ఆపొద్దు, ఆస్పత్రి వాళ్లను అడిగి వాళ్లు చెప్పినంతే చెయ్యి, నొప్పి వస్తే నాలాంటివాడి మాట వినకు అన్నాను. ఆమె ముఖం చూడలేక వాళ్ల నాయన వైపు చూస్తూ చెప్పాను. వాళ్లిద్దరూ పోయాక గుమ్మం దగ్గర ఆమె అడుగుల్ని వంగి చూశాను. మామూలుగానే ఉన్నాయి. అయినా చాలాసేపు చూశాను.

మర్నాడు ఊరికి పోయాను. అన్న మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూసి, "తిన్యావా?" అన్నాడు. తినలేదన్నాను. తిని మాట్లాడదామన్నాడు. ముందు మాట్లాడతానన్నాను.

అంతా చెప్పాను. నొప్పి సంగతి ఆమె ముందే చెప్పిందని. అది నీళ్ల నొప్పి కాదని కూడా చెప్పిందని. దుమ్ములో గీత, చెప్పులు, స్టేజీ మీద నా చేత్తో ఎత్తి పెట్టిన పాదం. ఆస్పత్రిలో నేను చెప్పిన అబద్ధం, దాన్ని ఆమె మోసిన తీరు. ఆయన తాడు పేనడం ఎక్కడ ఆగిందో నేను చూడలేదు.

ఆయన కాళ్లు నేల మీద జరుపుకుంటూ మనిషంతా నా వైపు తిరిగాడు.

"స్టేజీ మీద నిలబడినప్పుడు ఆమెకు నొప్పి ఉండిందా?"

"ఉండింది."

"మరి ఆ ఫొటోలో నవ్వుతాందేందిరా?"

"నేనే నవ్వమన్నా."

ఆయన లేచాడు. మూలన ఉన్న కర్ర తీసుకున్నాడు. మందను తోలే వేళ ఇంకా కాలేదు, ఎండ దిగలేదు. దొడ్డి తలుపు తీసి గొర్రెల్ని బయటికి వదిలాడు. అవి ఆయన పక్కనుంచి ఒక్కొక్కటే దాటి దారిలోకి పోయాయి. ఆయన వాటి వెనక నడిచాడు.

"అన్నా" అని పిలిచాను.

నన్ను చూడాలంటే ఆయన మనిషంతా తిరగాలి. అడుగు ఆగింది. తిరగలేదు.